ఏకగ్రీవమైన నా మౌనం

మా మనవరాలి చదువును నేనే స్వయంగా, ఉతికిన చీర కట్టుకుని, ఆటోలో వెళ్ళి, ఏసీ గదిలో కూర్చుని మరీ చెడగొట్టబోయాను. ఒకసారి చాలక రెండోసారి కూడా. ఎలాగో చెబుతాను, నవ్వకుండా వినండి. సరే, నవ్వితే నవ్వండి. మా గూడెమంతా నవ్వింది, మీరొక్కళ్ళు మానేస్తే ఏం లాభం?

మేము యానాదులం. గుంటూరు దగ్గర మిరప చేలల్లో కూలి చేసుకుంటాం. మా దగ్గరలోని యూనివర్సిటీవాళ్ళు మా పిల్లలు, ఎరుకల పిల్లలు, సుగాలీల పిల్లలు డిగ్రీలో తడబడకుండా ముందే కొన్నాళ్ళు తరగతులు పెట్టాలనుకున్నారు. అవి ఎలా నడవాలో తేల్చడానికి ఒక కమిటీ వేసి, అందులో మా పెద్దలూ ఉండాలన్నారు. మా గూడెం పంచాయితీలో నా మాట చెల్లుతుంది. పైగా ముసలితనంలో రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. అలా నన్ను వేశారు.

మొదటి మీటింగులో బల్ల మీద నా పేరు రాసిన అట్ట పెట్టారు. మళ్ళీ మళ్ళీ చదివాను. చదివినప్పుడల్లా నా పేరే వచ్చింది.

డైరెక్టర్ వసంత గారు లేచి, "క్లాసులు జనవరి నుంచి మార్చి దాకా పెడదాం. ఎవరికైనా అభ్యంతరమా అండి?" అన్నారు.

అవి మిరప కోతల నెలలు. గూడేనికి గూడెం తాళాలేసి చేల దగ్గర గుడిసెల్లో ఉంటాం, పిల్లలూ మా వెంటే. ఆ తరగతుల మీదే ఆశ పెట్టుకున్న మా మనవరాలు దుర్గ ఇంకెక్కడ చదివేది?

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మా పంచాయితీలో మొహం మీదే కాదనడం మర్యాద కాదు. చేతులు కట్టుకుని, నేల చూస్తూ, నోరు మూసుకోవాలి. పెద్దవాళ్ళు అలా కూర్చున్నారంటే ఆ మాట చచ్చినట్టే. అన్నవాడే వెనక్కి తీసుకుంటాడు.

సరే, కూర్చున్నాను. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ నోరు మూసుకోలేదు. ఎదురుగా పళ్ళెంలో జీడిపప్పు నన్నే చూస్తోంది, అయినా ముట్టలేదు. దవడ ఆడితే మౌనం పలచబడుతుంది.

"ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఏకగ్రీవం," అన్నారు వసంత గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఏకగ్రీవమంటే నాకు తెలియదా, ఊళ్ళో సర్పంచుల్ని చూడలేదా? అందరూ నా దారికి వచ్చేశారనుకుని లేచి దండం పెట్టాను. ఇంకా గట్టిగా కొట్టారు.

గూడెంలో దుర్గ ఎదురొచ్చింది. "ఏమన్నావ్ అమ్మమ్మా?"

"ఏమీ అనలా."

"ఒక్క మాట కూడానా?"

"ఒక్క మాటంటే ఒట్టు."

అరుగు మీదున్న మా ఆయన పొంగిపోయాడు. "అబ్బో, అంత గట్టిగా చెప్పొచ్చిందంటే ఇక తిరుగులేదు."

ఆ పూట కోడిని కోశాం. ఆ కోడి ఉసురే తగిలుంటుంది. వారం తిరక్కుండా దుర్గ ఫోనుకి కబురొచ్చింది, క్లాసులు జనవరిలోనే అని. పిల్ల అన్నం ముట్టలేదు. నేను వసంత గారికి ఫోన్ చేశాను.

"మీరు ఒప్పుకున్నారు కదమ్మా?" అన్నారావిడ.

"ఎప్పుడు ఒప్పుకున్నానండీ?"

"మీరేమీ అనలేదు కదా."

"అదేనండీ నేను చెప్పేది. ఏమీ అనలేదు కదా."

ఆపైన కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ మౌనం ఎవరి లెక్కన అవుననో, ఎవరి లెక్కన కాదనో ఇద్దరికీ తెలియలేదు. చివరికి మా పద్ధతి విప్పి చెప్పాను. ఆవిడ నొచ్చుకుని మళ్ళీ మీటింగు పెట్టారు.

ఈసారి దుర్గ నా వెంటే వచ్చింది. ఆటోలో దారి పొడుగునా పాఠమే. "ఒప్పుకోను అను అమ్మమ్మా. గట్టిగా అను."

"ఒప్పుకోను."

"ఇంకా గట్టిగా. కూలి తగ్గిస్తే మేస్త్రీ మీద అరుస్తావే, అట్టా."

"ఒప్పుకోను."

ఆటో అతను వెనక్కి తిరిగి, "నేనేం అడగలా పెద్దమ్మా," అన్నాడు.

మీటింగులో వసంత గారు లేచి, "కిందటి నిర్ణయం తీసేసి, క్లాసులు మిరప కోతలయ్యాక పెడదాం. ఎవరికైనా..." అంటున్నారో లేదో, నేను లేచి బల్ల గుద్దాను.

"ఒప్పుకోను."

మంచినీళ్ళ గ్లాసు దొర్లి రిజిస్ట్రారు గారి ఒళ్ళో పడింది.

"ఏది ఒప్పుకోరమ్మా?" అన్నారు వసంత గారు నీరసంగా.

"ఏదీ ఒప్పుకోను."

తలుపు దగ్గర కూర్చున్న దుర్గ తల పట్టుకుంది. "అమ్మమ్మా, అది మన మాటే."

కూలబడ్డాను. సిగ్గుతో ఏం చెయ్యాలో తోచక, గుప్పెడు జీడిపప్పు తీసి నోట్లో పోసుకున్నాను.

వసంత గారు మాత్రం పెద్దమనసుతో, "ఇకనుంచి ఈ గదిలో మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు. పేరుపేరునా అడుగుతాం," అని ఒక్కొక్కరినీ అడిగారు. అందరూ సరేనన్నారు. ఆఖరికి, "పోలమ్మ గారూ, మీరు?"

నేను నేల చూస్తున్నాను. పలకలేదు. గది బిగుసుకుపోయింది.

"మళ్ళీ కాదంటున్నారు," అన్నారు రిజిస్ట్రారు గారు, తడి పంచె దులుపుకుంటూ. "ఇంకేం కావాలో చెప్పండమ్మా. గూడేనికి బస్సు కావాలా? వేద్దాం."

నేను పలకలేదు.

"సరే, పిల్లలకి మధ్యాహ్నం భోజనం కూడా పెడదాం."

అప్పటికి నోట్లోది కాస్త గొంతు దిగింది. "నోట్లో పప్పుందండీ," అన్నాను. "నాకు మొదట్నించీ సమ్మతమే."

కోతలయ్యాక దుర్గ ఆ బస్సులోనే క్లాసులకు వెళ్ళింది, ఆ భోజనమే తిన్నది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఇకమీదట ఏ మీటింగులోనూ నోట్లో జీడిపప్పుతో కూర్చోనని రాత్రిబడి పలక మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఒక్క దుర్గే ఒప్పుకోవడం లేదు. ఆడపిల్లల హాస్టలు సంగతి తేలేదాకా ఆగమంటోంది.