బాకీకన్నా చవకైన ఇల్లు

క్లీవ్‌లాండ్ తూర్పు వీధుల్లో వెర్లీన్ స్టాల్‌వర్త్ పేరెత్తితే సగం మంది "బస్సు వెర్లీనా?" అంటారు. మిగతా సగం మంది "ఇళ్ళ వెర్లీనా?" అంటారు. అందరూ చెప్పేది ఒకావిడ గురించే. ఆవిడ ఏళ్ళ తరబడి కిన్స్‌మన్ రోడ్డు మీద సిటీ బస్సు నడిపింది. డ్రైవరు సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఏ ఇంటి ముందు గడ్డి మోకాలెత్తు పెరిగిందో, ఎవరి గుమ్మంలో ఉత్తరాలు గుట్టపడ్డాయో, ఎవరి తలుపుకి కోర్టు నోటీసు అంటించారో రోజూ కళ్ళపడేది. తర్వాత బస్సు మానేసి ఇళ్ళ బేరాల్లో దిగినప్పుడు ఆ చూపే ఆవిడకి అన్నం పెట్టింది.

చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. అమ్మక తప్పని మనిషిని వెతికి పట్టుకోవాలి, ధర మాట్లాడుకుని ఒప్పందం రాసుకోవాలి, ఆ ఒప్పందాన్ని పాత ఇళ్ళు బాగుచేసే మేస్త్రీకి అప్పజెప్పి మధ్యలో తన వాటా తీసుకోవాలి. నోరున్న వాళ్ళు దళారీ అనేవారు. ఆవిడేమీ ఉడుక్కునేది కాదు. "దళారీనే నాయనా. నా వాటా ఎంతో ముందే చెప్పే దళారీని. అలాంటిదాన్ని ఇంకోదాన్ని చూపించు, నీకు చేపల భోజనం పెట్టిస్తా" అనేది.

రెండువేల పది వచ్చేసరికి ఆ వీధుల్లో ఇళ్ళ ధరలు సగానికి సగం కూలిపోయాయి. అప్పు కొండంత, ఇల్లు గోరంత. అలాంటప్పుడు మిగిలిన దారి ఒక్కటే. బ్యాంకుని ఒప్పించి బాకీకన్నా తక్కువకే ఇల్లు అమ్మేసుకోవాలి. దాన్నే షార్ట్ సేల్ అంటారు. ఇందులో ఇంటాయన సరే అంటే చాలదు, బ్యాంకు సరే అనాలి. మామూలు బేరంలోలాగా ఒప్పందం కాగితం ఇంకొకరి చేతికి మార్చేస్తానంటే బ్యాంకు ఒప్పుకోదు. వెర్లీన్ తన పేరునే కొని, తర్వాత మేస్త్రీకి అమ్మేది. అలా అమ్మబోతున్నానని బ్యాంకుకు ముందే రాసిచ్చేది. దాచిపెట్టి చేసిన వాళ్ళు ఆ రోజుల్లో కోర్టుల చుట్టూ తిరిగారు, తిరగాల్సిందే!

ఆ ఏడు మంచు కరుగుతున్న రోజుల్లో ఆర్థెల్ మేఫీల్డ్ ఇల్లు ఆవిడ చేతికొచ్చింది. ఆర్థెల్ గోడలకి రంగులేసే మనిషి. భుజం జారి పని పోయింది, పని పోయాక కిస్తీలు ఆగిపోయాయి. బాకీ ఎనభై వేల డాలర్లు. ఇంటికి నలభై వేలు వస్తే గొప్ప. పైకప్పు కారి పడకగది సీలింగు పసుపు మరకలతో ఉబ్బిపోయింది, నేలమాళిగ గోడ పగిలి నీళ్ళు ఊరుతున్నాయి. బాకీ కింద కోర్టు తరఫున షెరీఫ్ వేసే వేలానికి తేదీ కూడా పడిపోయింది. వేలంలో పోతే ఇల్లూ పోతుంది, తగ్గిన సొమ్ము కోసం బ్యాంకు మళ్ళీ వెంటపడుతుంది.

"బ్యాంకు తరఫున ధర కట్టే ఆవిడ వస్తుంది. మీరు దేన్నీ ముట్టుకోకండి" అని వెర్లీన్ మొగుడూ పెళ్ళాలిద్దరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఇల్లు ఎలా ఉందో అలా చూపించాలి, అప్పుడే తక్కువ ధర కడుతుంది. నేనూ పక్కనే ఉంటా."

"అలాగే వెర్లీన్" అన్నాడు ఆర్థెల్. అంత తొందరగా తలూపినప్పుడే ఆవిడకి అనుమానం రావాల్సింది.

ధర కట్టే డోలోరెస్ నోవాక్ చెప్పిన వేళకన్నా ముందే వచ్చేసింది. వెర్లీన్ వెళ్ళేసరికి ఆవిడ మెట్లు దిగుతోంది. "ఎంత ముచ్చటగా ఉంచుకున్నారండీ ఇల్లు!" అని మెచ్చుకుంటూ కారెక్కి వెళ్ళిపోయింది. వెర్లీన్ గబగబా మెట్లెక్కింది. లోపలికి వెళ్తే గుప్పున కొత్త రంగు వాసన. పడకగది సీలింగు పాలమీగడలా మెరుస్తోంది. మాళిగలో పగులుకి అడ్డంగా చెక్క పలక, దానికీ రంగు.

"కొంప ముంచావు కదయ్యా ఆర్థెల్!"

"ముక్కూ మొహం తెలియని మనిషి ఇంట్లోకొస్తుంటే ఆ మరకల కింద నిలబెట్టమంటావా? ఈ ఊళ్ళో ఎంతమంది గోడలు తెల్లగా చేశాను! రంగులేసేవాడి ఇల్లు ఇలా ఉందేవిటని నవ్వదూ?"

"నవ్వితే నవ్వేది. ఇప్పుడు మన బతుకే నవ్వులపాలు" అంది అతని భార్య జొనెటా. "నిన్న పొద్దున్నించీ నిచ్చెన దిగితే ఒట్టు. పనికి రాని భుజం మహానుభావుడికి నిన్న మాత్రం ఎక్కణ్ణించి వచ్చిందో!"

"నువ్వూరుకోవే."

"ఊరుకునే ఇంతదాకా వచ్చాం."

భయపడినట్టే అయింది. ఇంటికి డెబ్భై వేలు వస్తుందని నోవాక్ రాసిచ్చింది. నలభై వేల బేరం మాట ఎత్తితే బ్యాంకు వాళ్ళు ఫోనులో నవ్వినంత పని చేశారు. వెర్లీన్ ఊరుకోలేదు. పైకప్పు మేస్త్రీని తీసుకొచ్చి లెక్క కట్టించింది, రంగెయ్యకముందు తను తీసిన ఫోటోలు పంపింది, వారంపాటు ఫోను వదలకుండా వాళ్ళ ప్రాణం తోడేసింది. చివరికి విసుగెత్తి, ఆ మనిషినే ఇంకోసారి పంపుతామన్నారు.

ఈసారి నోవాక్ మొహం మాడ్చుకుని వచ్చింది. పడకగదంతా కలయజూసి, "పోయినసారి ఇక్కడ ఏమీ లేదే? ధర తగ్గించడానికి మీరేదో కథ అల్లుతున్నారు. ఆ ఫోటోలు ఏ ఇంటివో నాకేం తెలుసు?" అంది.

వెర్లీన్ నోరు తెరవబోయింది. ఈలోగా ఆర్థెల్ నిచ్చెన తెచ్చి గది మధ్యలో వేశాడు. జేబులోంచి పుట్టీ కత్తి తీశాడు.

"కాస్త పక్కకి జరగండమ్మా. మీద పడుద్ది" అన్నాడు.

పైకెక్కి తను రంగేసిన సీలింగుని ఒక్క క్షణం చూశాడు. ఒక్క గీత కనపడదు, ఒక్క చుక్క తేడా లేదు. ఆ ఇంట్లో అతను వేసిన ఆఖరి రంగు అది. కత్తి గుచ్చి కిందికి లాగాడు. నానిన పెళ్ళలు దబ్బున నేలమీద పడ్డాయి. వెనకాల నల్లగా కుళ్ళిన దూలం బయటపడింది, దాన్నించి నీళ్ళు బొట్లు బొట్లుగా రాలాయి. ఒక చోట చూపిస్తే చాలు కదా! అతను ఆగలేదు. గోడ దాకా లాగేశాడు. తర్వాత కిందికి దిగి, ఎవరూ అడగకుండానే మాళిగలోకి తీసుకెళ్ళి చెక్క పలక ఊడబీకాడు. పగుల్లో చెయ్యి పట్టేంత సందు ఉంది.

నోవాక్ చాలాసేపు రాసుకుంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "పనితనం మాత్రం గొప్పదండీ. నన్ను నిలువునా మోసం చేశారు" అంది.

"మోసం కాదమ్మా" అన్నాడు ఆర్థెల్, తల దించుకుని. "సిగ్గేసింది."

ఆవిడ వెళ్ళాక జొనెటా చీపురు తెచ్చింది. తెచ్చిందే గాని ఊడవలేదు. ఆ పెళ్ళల మధ్య మొగుడి పక్కన కూలబడి అతని జుట్టులోని సున్నం దులుపుతూ కూర్చుంది.

నలభై వేలకి బ్యాంకు ఒప్పుకుంది. శుక్రవారం పొద్దున్నే కాగితం వచ్చింది. వేలం సోమవారం. ముగ్గురూ రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చున్నారు, మేస్త్రీ డబ్బు సిద్ధంగా ఉంది, వెర్లీన్ వాటా కూడా ఆ డబ్బులోనే ఉంది. సంతకం పెడితే అయిపోతుంది. వెర్లీన్ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివి, మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత కలానికి మూత పెట్టేసింది.

"ఇందులో మిగతా బాకీ వదిలేస్తామని లేదు. ఇల్లు అమ్ముకోమన్నారంతే. రేపు మిగిలిన నలభై వేలు కట్టమని మీ మీదికొస్తారు. ఇది మార్పించాలి."

ఆర్థెల్ కుర్చీలోంచి లేచాడు. "మార్పించేదేంటి? సోమవారం వేలం వెర్లీన్! పెట్టెయ్యి సంతకం. కోరి తెచ్చుకున్నది పోగొడతావా? నీకేం, పొయ్యేది నీ ఇల్లు కాదుగా!"

"నా ఇల్లు పొయ్యిందయ్యా!" ఆఫీసులో అందరూ తిరిగి చూసేలా అరిచింది వెర్లీన్. తర్వాత గొంతు తగ్గించింది. "నాకూ ఒక ఇల్లుండేది. అది పోతే పోయిందిలే, పీడా విరగడైందనుకున్నా. రెండేళ్ళయ్యాక బస్సు జీతంలో కోత మొదలెట్టారు. ఇంట్లో లేను, ఇంటి బాకీ కడుతూనే ఉన్నా. ఆ జీతంతో బతకలేకే ఈ పనిలోకొచ్చా. ఇప్పుడు మీ చేత సంతకం పెట్టిస్తే నా వాటా నాకొస్తుంది. మీ గతి నా గతే అవుతుంది. కూర్చో."

ఆర్థెల్ కూర్చున్నాడు. జొనెటా అతని చెయ్యి పట్టుకుంది. వెర్లీన్ ఫోను తీసుకుంది. ఒకరు ఇంకొకరికి కలిపారు, ఆ ఇంకొకరు భోజనానికి వెళ్ళారు, వాళ్ళ పైవాళ్ళు సోమవారం చూద్దామన్నారు. "సోమవారం మీకు వేలంలో ఈ నలభై కూడా రావు. మీ మనిషే కదా కుళ్ళిన దూలం చూసెళ్ళింది? అడగండి" అంది. బతిమాలింది, కసిరింది, మళ్ళీ బతిమాలింది. మధ్యలో జొనెటా సాసేజి రొట్టెలు తెచ్చిపెట్టినా ఎవరూ ముట్టుకోలేదు. ఆఫీసు మూసే వేళకి ఫ్యాక్సు మిషను కదిలింది.

వెర్లీన్ కాగితం లాక్కుని చూసింది. వేలు ఒక వరస మీద ఆగింది.

"చదువు" అన్నాడు ఆర్థెల్.

"ఈ అమ్మకం తర్వాత మిగిలే బాకీ ఆర్థెల్ మేఫీల్డ్, జొనెటా మేఫీల్డ్‌ల నుంచి బ్యాంకు వసూలు చేయదు."

"ఇంకోసారి చదువు."

చదివింది. జొనెటా కళ్ళు తుడుచుకుంటూ, "చాల్లే, ఆవిణ్ణి ఊపిరి పీల్చుకోనీ" అంది.

"ఒక్కసారి. ఇదే ఆఖరు" అన్నాడు.

వెర్లీన్ మూడోసారి మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. తన ఇల్లు పోయిన రోజున ఇలాంటి మాట ఒకటి ఉంటుందని, అది అడిగి రాయించుకోవచ్చని ఆవిడకి చెప్పిన వాళ్ళు లేరు. కాగితం బల్ల మీద పెట్టి, మిగతా సగం చదవమని ఆర్థెల్ ముందుకి జరిపింది. అతను కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టుకుని, ఒక్కో మాటా పైకి చదివాడు. తర్వాత కలం మూత తీశాడు.