యూలాలీ టాంటీ వాళ్ళమ్మ బొమ్మ

జాజికాయలు పండే దీవిలో, గ్వావ్ ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ యూలాలీ అంటే టాంటీనే, అత్తన్నమాట. పేరు పెట్టి పిలిచే ధైర్యం ఇద్దరికే ఉండేది. ఒకరు చర్చి ఫాదరు, ఆయనా కాస్త భయపడుతూనే పిలిచేవాడు. రెండోది ఆవిడ పినతల్లి కూతురు ఎర్నెస్టీన్. ఆవిడ ఆరేళ్ళుగా అసలు పిలవడమే మానేసింది.

టాంటీ నలభై ఒక్క ఏళ్ళు జాజికాయల గోడౌన్‌లో కాయలు ఏరింది. పక్కవాళ్ళు కాయని వెలుతురుకి ఎత్తి, గోటితో గీరి, వాసన చూసి తేల్చుకునేలోగా ఆవిడ ఇరవై కాయలు మంచివి ఇటు, పుచ్చువి అటు తోసేసేది. నోరు మాత్రం పనిలోనూ ఆగేది కాదు. రిటైరయ్యాక కూడా చేతులకి ఆ కబురు అందినట్టు లేదు. చర్చిలో కూర్చున్నా ఒళ్ళో వేళ్ళు ఏదో ఒకటి ఏరుతూనే ఉండేవి.

అలాంటి మనిషిని పట్టుకుని, "నెల్లాళ్ళు కదలకుండా కూర్చుంటావా టాంటీ, నీ బొమ్మ వేస్తాను" అని అడిగింది మార్వా.

మార్వా బొమ్మలు లండన్‌లో, న్యూయార్క్‌లో పెద్ద పెద్ద గోడలెక్కాయి. అయినా ఆమె వేసేది గ్వావ్ మనుషుల్నే. చేపలమ్మే ఆవిడ, బస్సు డ్రైవరు, ఇస్త్రీ చేసుకునే తల్లి, అందరూ నిలువెత్తున. పాత కోకో షెడ్డే ఆమె పనిచేసే చోటు.

మొదటి రోజు టాంటీ ఈస్టరుకి కుట్టించుకున్న గౌనులో, పళ్ళెమంత టోపీతో దిగింది. మార్వాకి కావలసింది గోడౌన్‌లో కట్టుకునే ఏప్రను.

"ఆ పాత గుడ్డలోనా? ఫోటోకి ఎవరైనా అలా వెళ్తారా?"

"ఇది ఫోటో కాదు టాంటీ."

"మరీ మంచిది. ఫోటో అయితే నిమిషంలో అయిపోతుంది. నువ్వు నెల్లాళ్ళంటున్నావు. నెల్లాళ్ళు నన్ను దరిద్రంగా కూర్చోబెడతావా?"

చివరికి టోపీ ఉంది, ఏప్రనూ ఉంది. గెలిచింది తనేనని ఇద్దరూ అనుకున్నారు.

మూడో రోజు టాంటీ లేచి వెళ్ళి బొమ్మ చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "పిల్లా! నా మొహాన ఆ నీలం ఏంటి? వంకాయకి టోపీ పెట్టినట్టుంది!"

"ఉత్త నలుపు పూస్తే మొహంలో ప్రాణం ఉండదు టాంటీ. మన ఒంటి రంగులో నీలం ఉంది, ఎరుపుంది. అవి అడుగున వేస్తేనే పైన వెలుగొచ్చేది."

టాంటీ వెంటనే కిటికీ దగ్గరికెళ్ళి తన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నీలం సరే, ఎరుపు తప్పు. నువ్వేసింది ఎండిన జాపత్రి ఎరుపు. నాది పచ్చి జాపత్రి వలిచిన రోజు పెంకు మీద మిగిలే ఎరుపు. రెండూ ఒకటేనా?"

మార్వా నవ్వుతూనే రంగు కలిపి, చెంప మీద ఒక్క గీత పెట్టింది. నవ్వు ఆగిపోయింది. టాంటీ చెప్పిందే ఒప్పు. ఆ రోజు నుంచి టాంటీ కుర్చీలో ఉన్న సేపు తక్కువ, మార్వా వెనక నిలబడి తప్పులు పట్టిన సేపు ఎక్కువ.

బొమ్మ పూర్తయింది. చర్చి హాల్లో మూడు రోజులు పెడితే ఊరంతా వచ్చి చూసింది. బొమ్మ నోరు మూసుకుని ఉందని ఒకరిద్దరికి నమ్మకం కుదరలేదు. తర్వాత మార్వా అడిగింది, "నీకేం కావాలి టాంటీ? మొహమాటపడకు."

మొహమాటం టాంటీ ఇంటా వంటా లేదు. "మా అమ్మని వేసిపెట్టు."

"ఫోటో ఉందా?"

"ఉన్న ఒక్కటీ ఐవన్ తుఫాను పట్టుకుపోయింది, ఇంటి కప్పుతో సహా. కప్పయితే పక్క వీధిలో దొరికింది."

"చూడకుండా ఎలా వెయ్యను?"

"నేను చూశాగా! నేను చెప్తా, నువ్వెయ్యి."

ఒంటి రంగు రెండు రోజుల్లో కుదిరింది. "నాకన్నా ముదురు. కళ్ళ కింద ఇంకాస్త. ఆ, అదీ!" చిక్కల్లా మొహంతోనే. ముక్కెలా ఉండేదంటే "ముక్కులాగే ఉండేది" అంటుంది. మార్వా నాలుగు మొహాలు గీసింది. ఒకటి పోస్టాఫీసు ఆవిడలా ఉందంది, ఇంకోటి ఫాదరులా ఉందంది.

"మీ అమ్మ పోలిక ఎవరికైనా వచ్చిందా?" అంది మార్వా విసిగిపోయి.

టాంటీ మూతి బిగుసుకుంది. వచ్చింది. అచ్చు పోసినట్టు ఎర్నెస్టీన్‌కే వచ్చింది. ఆరేళ్ళ కిందట టాంటీ వండిన ఆయిల్‌డౌన్ కూరలో కొబ్బరిపాలు తక్కువయ్యాయని పదిమందిలో అన్న ఎర్నెస్టీన్‌కి.

రెండు రోజులు ఆలోచించి మూడో రోజు వెళ్ళి తలుపు కొట్టింది. ఎర్నెస్టీన్ కిటికీలోంచి ముందే చూసింది. అయినా అడిగింది, "ఎవరది?"

"నేనే."

"ఏ నేను? కొబ్బరిపాలు పిసినారితనంగా పోసే నేనా?"

"ఆ, ఆ నేనే. నీ నుదురు కావాలి."

తలుపు తెరుచుకుంది. "ఏంటీ?"

"నుదురు, బుగ్గలు. ముక్కు అక్కర్లేదు, అది మీ నాన్నది. అమ్మ బొమ్మ వేయిస్తున్నా."

ఎర్నెస్టీన్ తలుపు బార్లా తీసింది. "పెద్దమ్మదా?" అంది మెత్తగా. ఆవిడ పెరిగిందీ ఆ ఒళ్ళోనే. తర్వాత, "టోపీ పెట్టుకు రావచ్చా?"

"నుదురు కావాలంటుంటే టోపీ ఏంటే!"

మర్నాడు కోకో షెడ్డులో ఎర్నెస్టీన్ కుర్చీలో, టాంటీ మార్వా వెనక. మధ్యలో మార్వా నలిగిపోయింది.

"అంత తెలుపొద్దు పిల్లా, అది చర్మం కాదు, పౌడరు."

"నా పౌడరు జోలికి రాకు. మార్వా, పెద్దమ్మ ఎడమ కనుబొమ పైకెత్తమ్మా. ఎవరైనా అబద్ధమాడుతుంటే అది లేచేది."

"లేదే! అమ్మ కనుబొమలు ఎప్పుడూ ఒక్కలాగే ఉండేవి."

"నీ ముందు ఎప్పుడూ పైనే ఉండేది యూలాలీ. నువ్వు అదే మామూలనుకున్నావు."

మార్వా నవ్వాపుకోలేక కుంచె కింద పెట్టేసింది. మళ్ళీ తీసుకుని, కనుబొమ మీద సన్నగా ఒక్క గీత పైకి లాగి, పక్కకి తప్పుకుంది.

టాంటీ బొమ్మ వైపు చూసింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్నపిల్ల గొంతుతో, "నేను తియ్యలేదమ్మా" అనేసింది.

ఏం తియ్యలేదో మార్వాకి తెలీదు. ఎర్నెస్టీన్‌కి తెలుసు. "ఇప్పటికీ అబద్ధమే!" అని కుర్చీలోంచి అరిచింది, కళ్ళు తుడుచుకుంటూ. ఆ తర్వాత ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలీకుండా పోయింది.

బొమ్మ ఎవరింట్లో ఉండాలని వారం రోజులు రెండిళ్ళలోనూ వాదన జరిగింది. చివరికి ఎర్నెస్టీన్ ముందుగదిలో పెట్టారు. "అక్కడ పొద్దుటి వెలుతురు బాగుంటుంది, రంగు తేలుతుంది, అంతే" అని టాంటీ ఊరంతా చెప్పుకుంది. ఎర్నెస్టీన్ మోకాళ్ళు అరిగిపోయాయనీ, టాంటీ ఇంటి దగ్గరి మెట్లు ఎక్కలేకపోతోందనీ మాత్రం ఎవరితోనూ అనలేదు.