నా గొంతుకు వన్స్ మోర్

మా మరిది నా గొంతు దొంగిలించాడు. సొంత మరిది కాదు, వరుసకు. సూరత్‌లో మా తెలుగు మగ్గం పనివాళ్లతో నాటకాలు వేయించేది ఆయనే. పోయినదేదో పోయింది, మరిచిపొమ్మని చాలామంది చెప్పారు. మరిచిపోవడానికి నాకు తీరిక లేదు. యాభై దాటాక పక్కింటావిడ దగ్గర పలక పట్టి అక్షరాలు దిద్దిన మనిషిని. నేర్చుకున్నాక ఏదో ఒకటి రాయాలి కదా. ఇదే రాస్తాను.

మా నాయిన జగిత్యాల దిక్కు పల్లెల్లో నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నేను ఆయన వెనకాల కూర్చుని పెట్రోమాక్స్ దీపానికి గాలి కొట్టేదాన్ని. పద్యాలన్నీ చెవితోనే పట్టాను. ఒకసారి నేను కూడా పాడతానంటే, "ఆడివిల్లవు, తెర ముంగటికొస్తే కాళ్లిరగ్గొడుత" అన్నాడు. మీసాలున్న మగవాళ్లకు అవి గీకించి, చీర కట్టించి ఆడవేషం వేయించేవాడు గానీ, చీర కట్టుకునే పుట్టిన కూతురిని మాత్రం ముందుకు రానివ్వలేదు. పెళ్లయి సూరత్ వచ్చాను. మా ఆయనది పవర్‌లూమ్ పని. నేను మా పేట వడోద్‌లో ఇంట్లోనే చీరల మీద రాళ్లు అంటించేదాన్ని. ఇక్కడా నాటకాలున్నాయి, ఇక్కడా నేను తెర పక్కనే. రిహార్సల్‌కు ఛాయ్ కాచడం, మీసాలు అంటించడం, వేషగాడు పద్యం మరిచిపోతే అందించడం. ఒక్కసారి, చచ్చేలోపు ఒక్కసారి, తెర ముందు నిలబడి పాడాలని ఉండేది. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని తెలుసు.

అప్పుడు ఆ జబ్బు వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. ఊళ్లకు పోగలిగినవాళ్లు పోయారు, పోలేనివాళ్లం మిగిలాం. చప్పుడు లేక మా ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ కూర్చునేవాడు. మరిది మాత్రం ఫోన్లో నాటకాల గ్రూపు ఒకటి పెట్టాడు. మాలో సగం మందికి చదువు రాదు కాబట్టి అందులో అన్నీ మాటల మెసేజులే.

"ప్రపంచ నాటకం సూడుండ్రి. విదేశాల్ల దీన్ని మ్యూజికల్ అంటరు" అని రోజుకో ముక్క పంపేవాడు. రెండు నిమిషాల వీడియో ముక్కలు. ఒకదాంట్లో ఆడా మగా టేబుళ్ల మీదికెక్కి చీపుర్లు తిప్పుతూ పాడుతున్నారు. ఇంకోదాంట్లో స్టేజీ మొత్తం గుండ్రంగా తిరుగుతోంది, దాని మీద ఒకామె నడుస్తూ నడుస్తూ ఏడుస్తోంది, ఏడుపు కూడా రాగంలోనే. గ్రూపులో ఒకటే రచ్చ.

"హార్మోనియం ఏడున్నది?"

"హార్మోనియం ఇడిసిపెట్టు, తెర ఏదయ్యా? సీన్ మారె, తెర పడకపాయె."

"గంతగనం ఎగురుకుంట పాడితే దమ్ము రాదా? మనోడు ఒక్క పద్యం పాడి చెంబెడు నీళ్లు తాగుతడు."

"గది నాటకం గాదు, ఆర్కెస్ట్రా."

నేనూ ఊరుకోలేదు. "వాళ్ల నొసటి మీద నల్లచుక్క సూసిండ్రా? మనలెక్కనే దిష్టిచుక్క పెట్టుకుంటున్నరు" అన్నాను. అది చుక్క కాదనీ, నొసటికి అంటించిన బుల్లి మైకనీ ఎప్పుడో తర్వాత తెలిసింది. అప్పుడు ఎవరికీ తెలియదు. అలాంటి నాటకం ఒక్కటైనా మొదటినుంచి చివరిదాకా చూసినవాడు మాలో లేడు. పెళ్లి పందిరి బయట నిలబడి వాసన పీల్చి, కూరలో ఉప్పు ఎంతుందో చెప్పేవాళ్లలా మాట్లాడుకునేవాళ్లం. అందరికంటే గట్టిగా చెప్పేది మరిది. ఆ పాడేవాళ్ల చేతిలో మైకు లేదు, పక్కన హార్మోనియం లేదు, ఎగిరినా ఆయాసం లేదు. కాబట్టి ఆయన తేల్చేశాడు.

"ముందుగాల రికార్డు జేస్తరు. స్టేజీ మీద ఉత్తగ మూతి ఆడిస్తరు. గదే మ్యూజికల్."

అందరూ అవునవునన్నారు. నేనూ అన్నాను. ఆ మాటే నా మెడకు చుట్టుకుంది.

కొన్నాళ్లకు మరిది తనే ఒక నాటకం కట్టాడు. జబ్బుపడిన మగ్గం పనివాడి ప్రాణం తీసుకుపోవడానికి యమభటుడు వస్తాడు, వాడి పెళ్లాం గడప దగ్గర అడ్డం నిలబడి పద్యాలతో వాదిస్తుంది. మాటలు మరిదివి. రాగం మా నాయిన వాయించిందే, నేను అందించాను. "మగ్గమాగిన ఇంటిలో నా మగని ఊపిరి ఆపకయ్యా" అని మొదలవుతుంది. మరిదికి ఫోన్లో పాడి వినిపించాను.

"వదినా, ఏం గొంతు! గిన్నొద్దులు నిన్ను ఛాయ్ కాడ కూసోబెట్టి పాపం జేసినం. గీసారి పెండ్లాం వేషం నీదే. అన్ని పద్యాలు రికార్డు జేసి తోలు."

ఫ్యాన్ ఆపి, దుప్పటి ముసుగేసుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని పాడాను. పక్కింట్లో కుక్కర్ కూసేది, మళ్లీ మొదటినుంచి. రోడ్డు మీద అంబులెన్స్ పోయేది, మళ్లీ మొదటినుంచి. చెమటతో ఫోన్ జారిపోయేది. మా ఆయన తలుపు దగ్గర కాపలా కూర్చుని, వచ్చినవాళ్లకల్లా "లోపట కచేరి నడుస్తుంది" అని చెప్పేవాడు. పద్యాలన్నీ పంపాను.

జబ్బు కాస్త తగ్గి మగ్గాలు కొన్ని మొదలయ్యాయి. సూరత్ పక్కనున్న జోల్వాలో ఒక సేఠ్ ఖాళీగా ఉన్న షెడ్డు నాటకానికి ఇచ్చాడు. రిహార్సల్ మొదలైందని విన్నాను, నాకు పిలుపు రాలేదు. ఫోన్ చేస్తే, "పెద్దవయసోళ్లు బయిటికి రావద్దంటున్నరు వదినా. నీ సీను వచ్చినప్పుడు పిలుస్త" అన్నాడు. నమ్మాను.

మా ఆయనకు కూడా జోల్వాలోనే పని దొరికింది. ఒకరోజు ఆయన అన్నం డబ్బా మరిచిపోతే షేర్ ఆటో ఎక్కి తీసుకుపోయాను. ఇచ్చి తిరిగి వస్తుంటే ఆ షెడ్డులోనుంచి నా గొంతు వినిపించింది. నేను రోడ్డు మీద ఉన్నాను, నా గొంతు లోపల ఉంది. కిటికీలోంచి చూశాను. మరిది పెళ్లాం, నాకు వరుసకు యారాలు, మాస్కు గదవ కిందికి లాక్కుని చేతులు చాచి నోరు తెరుస్తోంది, మూస్తోంది. నా పద్యం ఆమె నోట్లోంచి వస్తోంది.

లోపలికి పోయాను. "ఏంది మర్దీ గిది?"

"రా వదినా, రా! సూడు, నీ గొంతు ఎంత మంచిగ సెట్ అయ్యిందో."

"పుట్టినకాణ్ణుంచి అది నాకే సెట్ అయ్యున్నది. ఆమె నోట్లె ఎందుకున్నది?"

యారాలు నేల చూసింది. "నువ్వు ఒప్పుకున్నవని ఆయననే చెప్పిండు అక్కా." అబద్ధం. ఒప్పుకున్నానో లేదో అడగడానికి ఆమె చేతిలో ఫోనుంది, ఫోన్లో నా నంబరుంది. ఆమెను కూడా నేను క్షమించలేదు.

"ఫారెన్ల గిట్లనే వదినా" అన్నాడు మరిది. "గొంతు ఒకలిది, మొఖం ఒకలిది."

"అయితే మొఖం నాది పెట్టు, గొంతు ఆమెది పెట్టు."

ఎవరో కిసుక్కుమన్నారు. మరిదికి కాలింది. "నీ మొఖం జూస్తే యమభటుడు ప్రాణం సంగతి ఇడిసిపెట్టి తనే ఉరుకుతడు వదినా!" అన్నాడు.

షెడ్డంతా నవ్వింది. నాకు ముందు పళ్లు రెండు లేవు, ముఖం నిండా అమ్మవారు పోసిన మచ్చలు. అద్దంలో రోజూ చూసుకునే ముఖమే, ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ నా చేతి ఛాయ్ తాగి, నేను అందిస్తే పద్యం గుర్తుతెచ్చుకున్న మనుషులందరూ నవ్వారు. ఒక్కడూ నోరు మూసుకోలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "పోనియ్యే. ఓ దండం బెట్టి ఊకో" అన్నాడు.

"దండం దేవునికి పెడుత. వీనికెందుకు?"

ఏం చేయాలా అని చాలా ఆలోచించాను. కరెంటు ఫ్యూజు పీకుదామనుకున్నాను. ఎవడో వచ్చి పెడతాడు. యారాలు తాగే నీళ్లలో ఉప్పు కలుపుదామనుకున్నాను. పాడేది ఆమె కాదాయె, ఉప్పు దండగ. చివరికి దారి చూపించింది మరిదే. గ్రూపులో అందరికీ చెప్పాడు: "ఇది ఫారెన్ పద్ధతి. నడుమ సీటీలు గొట్టుడు, వన్స్ మోర్ అనుడు బంద్. సప్పట్లు ఆఖర్ల."

మా నాటకాల్లో పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిస్తే పాడిన మనిషి మళ్లీ పాడాల్సిందే. చచ్చి పడిపోయిన వేషగాడు కూడా లేచి, పద్యం ఇంకోసారి పాడి, మళ్లీ చచ్చేవాడు. అది జనం హక్కు. నోటితో పాడేవాడికి అది గౌరవం. ఫోన్‌తో పాడేదానికి?

నాతో రాళ్లు అంటించే ఆడవాళ్లను పిలిచాను. "నాటకానికి పోదాం. నేనన్నంక మీరు గట్టిగ అనాలె."

"ఏమనాలె?"

"వన్స్ మోర్."

"అంటే ఏంది?"

"మల్లొక్కపారి పాడు అని."

"గంతేనా? గింత గుసగుసలు వెడితే ఎవర్నన్న పొడువుమంటవేమో అనుకున్న" అంది ఒకామె.

నాటకం రోజు మగ్గాలను ఓ పక్కకు జరిపి, కుర్చీలు దూరం దూరంగా వేశారు. అందరికీ మాస్కులు. మా గుంపు ముందు వరుసలో కూర్చుంది. మరిది నన్ను చూసి, "వచ్చినవా వదినా, మంచిగయ్యింది" అని దండం పెట్టాడు. కోపం తగ్గిందనుకున్నాడు.

యారాలు బాగానే చేసింది, అది ఒప్పుకోవాలి. గడప మీద అడ్డంగా నిలబడి చేతులు చాచింది. ఫోన్లో నా పద్యం మొదలైంది. జనం కదల్లేదు. నా గొంతు అంత పెద్ద స్పీకర్లలో నేనెప్పుడూ వినలేదు. పద్యం అయిపోయింది. లేచి నిలబడ్డాను.

"వన్స్ మోర్!"

మా ఆడవాళ్లు అందుకున్నారు. వెనక కూర్చున్న ముసలివాళ్లకు పాత అలవాటు కదా, వాళ్లూ అందుకున్నారు. షెడ్డు రేకులు అదిరాయి. యారాలు నోరు తెరిచి నిలబడిపోయింది. ఫోన్ ఆగలేదు, తర్వాతి రికార్డుకు పోయింది. ఆమె తెరిచిన నోట్లోంచి యమభటుడి నవ్వు వచ్చింది, హహ్హహ్హా అని, మగగొంతుతో.

జనం విరగబడి నవ్వారు. ఫోన్ నడిపే ఆయన కంగారుపడి వెనక్కి జరిపితే పద్యం సగంలోంచి మొదలైంది. ఆమె మొదటినుంచి మూతి ఆడిస్తోంది, గొంతు చివర్లో ఉంది. నేను మళ్లీ అన్నాను. అందరూ మళ్లీ అన్నారు. వెనకనుంచి ఒక తాత లేచాడు.

"బిడ్డా, గంత మంచిగ పాడినవు. గా మిషిను బందు వెట్టి ఉత్త నోటితోని ఒక్కపారి పాడమ్మా."

యారాలు నిజంగానే మొదలుపెట్టింది. రెండు మాటలు, దూడ అరిచినట్టు. తర్వాత ఏడుపు. మరిది స్టేజీ దిగి నా దగ్గరికి వచ్చి వంగాడు.

"వదినా, ఇజ్జత్ పోతున్నది. నీ కాళ్లు మొక్కుత. తెర పక్కపొంటి నిలబడి ఒక్క పద్యం పాడు."

"పక్కపొంటి పాడుడు నాకు బంద్."

ఆయన పెళ్లాం వైపు చూశాడు, జనం వైపు చూశాడు. "సరె. స్టేజీ మీదికి ఎక్కు. అందరి ముంగట పాడు. ఇగ రా."

నేను పుట్టినప్పటినుంచి కోరుకున్న మాట అది. జనం మా వైపే చూస్తున్నారు. పద్యం గొంతు దాకా వచ్చి నిలబడింది కూడా. మాస్కు తీసి, లేని పళ్లు కనబడేలా ఆయనకు నవ్వి చూపించాను.

"నా మొఖం జూస్తే యమభటుడు ఉరుకుతడంటివి గదా మర్దీ. నీ నాటకం ఎట్ల నడుస్తది?" అని బయటికి వచ్చేశాను. ఆ నాటకం అక్కడే ఆగిపోయింది.

ఆటోలో మా ఆడవాళ్లు నన్ను తిట్టారు. ఒకామె, "ఫారెన్ నాటకమంటే గింతేనా, నడుమ నోరు ఆగిపోవుడేనా?" అని అడిగింది. ఇంకొకామె నిజంగానే అలిగింది.

"నీ పాట ఇందామని ఒక్కరోజు పని ఇడిసిపెట్టి వస్తి. ఎక్కమన్నడు గదా, పాడితే ఏం పోతుండె?"

"పాడితే వాని నాటకం బతుకుతుండె."

ఆమె చాలా రోజులు నా పక్కన కూర్చోలేదు. తప్పు ఆమెది కాదు. ఆమె పాట కోసం వచ్చింది, నేను దేనికోసం వచ్చానో చెప్పలేదు.

తర్వాత ఆ ఎండాకాలం జబ్బు రెండోసారి వచ్చింది, మొదటిదానికంటే ఘోరంగా. షెడ్డులో నవ్వినవాళ్లలో ఇద్దరు పోయారు. వాళ్లకోసం ఏడ్చాను, వాళ్ల మీద కోపం వాళ్లతోనే పోయింది. మరిది బతికున్నాడు, ఆయన మీద కోపమూ బతికుంది.

అన్నీ సద్దుమణిగాక ఒకరోజు మా గడపలోకి వచ్చాడు. కూర్చోమనలేదు, నిలబడే మాట్లాడాడు.

"నాటకం మల్ల వేద్దాం వదినా. గీసారి రికార్డు లేదు, మూతి ఆడిచ్చుడు లేదు. నువ్వే పాడుతవు, నువ్వే కనవడుతవు."

"ముందుగాల అందరి ముంగట నిలవడి, అప్పుడు వచ్చిన గొంతు ఎవలిదో చెప్పు."

"చెప్త, చెప్త. నాటకమైనంక చెప్త."

"అయితే నేను గూడ నాటకమైనంకనే పాడుత."