సత్తయ్య కట్టిన బండి గురించి నర్సమ్మకు తెలియని మాట

మిత్రులకు, బంధువులకు, నా పూర్వ విద్యార్థులకు నమస్కారములు.

ఉత్తరానికి తేదీ, స్థలం తప్పక ఉండాలని ముప్పై ఏళ్లకు పైగా తరగతిలో చెప్పినవాణ్ని. ఈ ఉత్తరానికి ఆ రెండూ రాయడం లేదు. రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న ఉదయం నా ఫోన్‌లో సత్తయ్య పేరు కనిపించింది. ఎత్తుతూనే, "హుక్కు పని అయిందా?" అని అడిగాను.

"సారూ, నేను స్వరూపను. బాపు లేడు" అన్నది అతని బిడ్డ.

షాపుకు వెళ్లాడనుకున్నాను. "ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగాను.

ఆ పిల్లను ఆ ప్రశ్న అడిగినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిందట.

సత్తయ్య, నేను ఒకటో తరగతి నుంచి స్నేహితులం. నేను బడిలోనే ఉండిపోయాను. అతడు ట్రాక్టర్ ట్రాలీలు కట్టే వెల్డింగ్ షాపులో ఉండిపోయాడు.

అతని షెడ్డులో నిలబడి ఉన్న, జీపు వెనుక తగిలించుకుపోయే ఇల్లులాంటి క్యాంపింగ్ ట్రైలర్‌ను మీలో చాలామంది చూశారు. ఫోటోలు కూడా దిగారు. ముసలితనంలో సరదా పుట్టిందని నవ్వినవారూ ఉన్నారు.

అది సరదా కాదు.

అతని భార్య నర్సమ్మ తల్లిగారి ఊరు అచ్చంపేట దాటాక అడవి అంచున ఉంది. చివరి కొంత దూరం రాళ్లు, వాగులు తప్ప రోడ్డు లేదు. మోకాళ్లు పోయాక ఆమె బస్సు మెట్టు ఎక్కలేదు, కారులో గంటకు మించి కూర్చోలేదు. ఆమె అక్క ఈదమ్మ అక్కడే మంచం పట్టి ఉంది. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకొని ఆరేళ్లయింది.

అందుకని సత్తయ్య రాళ్లలో కూడా నడిచే బండి ఒకటి కట్టడం మొదలుపెట్టాడు. ఆమె పడుకొని వెళ్లేందుకు పరుపు, వండుకునేందుకు పొయ్యి, ఒక నీళ్ల డ్రమ్ము, తెర వెనుక కుర్చీలాంటి మరుగుదొడ్డి. తుక్కుకు పోయిన జీపుల నుంచి, కుదుపులు ఆపే కమాన్‌పట్టీలు ఏరి తెచ్చాడు.

ఒకరోజు వాకిట్లో ఇటుకలు పేర్చి, నర్సమ్మను వాటి మీద కాలు పెట్టమన్నాడు. పెట్టలేకపోతే ఒక ఇటుక తీసేశాడు. మళ్లీ పెట్టమన్నాడు.

"ఏంది, నాకు విగ్రహం కడ్తున్నవా? దిమ్మె కొలుస్తున్నవు" అన్నదామె.

"నీ విగ్రహానికి అంత ఇనుము యాడ దొర్కుతది" అన్నాడు.

ఆమె కాలు ఎంత లేచిందో బండి మెట్టు సరిగ్గా అంత ఎత్తులోనే ఉంది. ఈ రోజు కూడా చూసి వచ్చాను.

బండి పూర్తయిన రోజు దాన్ని తన పాత జీపుకు తగిలించాడు. బండి ముందుకు వంగిపోయింది. నీళ్ల డ్రమ్ము జారి గిన్నెల మీద పడింది. నలభై ఏళ్లు ట్రాలీలు కట్టిన చెయ్యి కొలవకుండానే హుక్కును ట్రాక్టర్ ఎత్తులో పెట్టేసింది.

"బర్రె నీళ్లు తాగుతున్నట్టున్నది" అని నర్సమ్మ నవ్వింది.

ఆమె లోపలికి వెళ్లాక సత్తయ్య నాతో అన్నాడు: "ఫికర్ లేదు సారూ, ట్రాక్టర్‌కే కడ్దాం. మెల్లగ పోదాం. రెండు రోజులు పడ్తె పడనీ, నడుమ ఆగి బువ్వ వండుకుందాం. నేను తోల్త. నువ్వు యెనక నర్సమ్మకు తోడు కూసో."

నేను ఒప్పుకోలేదు.

"ట్రాక్టర్ వెనుక కూర్చొని, నేను దేవరకొండ బజారు మీదుగా వెళ్లాలా? నా దగ్గర చదువుకున్నవాళ్లు ఏమనుకుంటారు? జీపుకు సరిపోయేలా మార్చు, అప్పుడు వస్తాను" అన్నాను.

"సరే సారూ" అన్నాడు. ట్రాక్టర్‌కు మంచిగా కుదిరే హుక్కును తన చేతులతోనే కోసి పక్కన పెట్టాడు.

అంతలో వానలు పడ్డాయి. రైతుల ట్రాలీలన్నీ రిపేరుకు వచ్చాయి. పొలం పని ఆగకూడదని ముందు వాళ్లవే చేశాడు. నర్సమ్మ అడిగినప్పుడల్లా, "నా కొలత తప్పింది, జర ఆగు" అనేవాడు. నా పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు. తోలుకుపోవడం ఇష్టం లేకనే కొలత సాకు చెబుతున్నాడని ఆమె నెల రోజులుగా అలిగి ఉంది.

నిన్న శవం పక్కన కూర్చొని ఆమె ఒకటే మాట అని ఏడ్చింది.

"అక్క తాన్కి తోల్కపోతనంటివి. మాటిచ్చి తప్పిపోతివి కదయ్యా."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. తప్పింది అతడు కాదమ్మా, నేను, అని చెప్పాలి. చెప్పకుండానే లేచాను. ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను.

దినాలు అయ్యాక భర్త పోయిన ఆడబిడ్డ తల్లిగారింటికి వెళ్లి ఒక రాత్రి నిద్ర చేసి రావడం మన ఆచారం. అక్క దగ్గరికి నర్సమ్మ చివరికి అందుకోసం వెళ్లవలసి వస్తోంది.

కోసేసిన హుక్కు షెడ్డులోనే ఉంది. దాన్నే మళ్లీ అతికించమని ఎదురు షాపు వాళ్లకు చెప్పాను. బండిని ట్రాక్టర్‌కే కడతారు. ఆమె ఒప్పుకుంటే వెనుక తోడుగా నేను కూర్చుంటాను. పట్టపగలే, బజారు నడుమ నుంచే వెళతాం. ఆమె ఒప్పుకోకపోతే, అది కూడా న్యాయమే.

సత్తయ్యా, నీ కొలత తప్పలేదు. ఇక ఏ ఫికరూ లేకుండా హాయిగా నిద్రపో.

అమ్మా స్వరూపా, మీ అమ్మకు చదువు రాదు. ఈ ఉత్తరాన్ని ఆమె ఎదుట, అందరూ ఉండగా, పైకి చదివి వినిపించు. నా తప్పు రాసిన చోట గొంతు తగ్గించకు.