ముగ్గుపిండి గోడలు

చింతామణి వైపు ఎవరు ఇల్లు కట్టినా, పునాది తవ్వే ముందు గంగులప్ప మేస్త్రి ఖాళీ సైటులో ముగ్గుపిండితో గదులన్నీ గీసి, ఇంటివాళ్లను వాటిలో తిప్పుతాడు. ఎవరైనా గీత దాటితే ఊరుకోడు. "గోడలోనుంచి పోతావేమప్పా, వాకిలి ఆడ ఉండాది కదా!" మొన్న కెంచార్లహళ్ళిలో ఇల్లు కట్టిస్తున్న నాగేశ్ ఫోన్‌లో ఓపెన్ కిచెన్ బొమ్మ చూపిస్తే మేస్త్రి మొహం ముడుచుకున్నాడు. గోడ లేనిది వంటిల్లెట్లా అవుతుందని అతని పట్టుదల. అడగకుండానే అడ్డంగా గీత గీసి, నాగేశ్ తల్లి మునిరత్నమ్మను లోపల నిలబెట్టాడు. "నువ్వే చెప్పమ్మా, గోడ ఉండల్ల కదా?" ఆమె ఉత్త చేతులనే సంగటి కెలుకుతున్నట్టు తిప్పుతూ, తలెత్తి వీధి దాకా చూసింది. "వద్దప్పా. ముప్పై ఏండ్లు గోడను చూస్తానే వండినాను." ఎవరినీ గీత తొక్కనివ్వని మేస్త్రి చెప్పులు విడిచి, నవ్వుతూ తన కాలితోనే ఆ గోడను చెరిపేశాడు.