అవ్వ కాపలా

ఈ పొద్దున మా హిందూపురం వీధిలో గాడిద మెడలోని గంట, దాని వెనకే "పసిబిడ్డలకు గాడిద పాలమ్మా" అన్న కేక వినిపించాయి. కిటికీలోంచి చూశాను. గాడిద నన్ను గుర్తుపట్టలేదు. దాని ముత్తవ్వతో నాకు కొంత వైరం ఉంది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. పెనుకొండలో అనుకోండి, ఒక ప్రభుత్వాసుపత్రిలో నేను కౌన్సిలర్‌ని. గర్భిణులకు హెచ్‌ఐవీ పరీక్ష గురించి చెప్పడం నా పని. పీజీ పట్టా ఉంది కాబట్టి తొలిరోజే నలభై నిమిషాలు చెప్పాను. ముగిసేసరికి ఇద్దరు నిద్రపోయారు, ఒకామె బస్సుకు వెళ్ళిపోయింది. ప్రసూతి వార్డు నర్సు మహబూబ్బీ అక్క తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

"అయిపాయనా పాపా? ఇంగ నేను మాట్లాడొచ్చునా?"

ఆమె రెండు నిమిషాలే మాట్లాడింది. "రక్తం ఎంతుండాదో చూస్తాం, గ్రూపు చూస్తాం, హెచ్‌ఐవీ కూడా చూస్తాం. ఉంటే బిడ్డకు రాకుండా మందుండాది. వద్దంటే వద్దు, నాకేం కోపం లేదు. ఎవురికి ఏం తేలిందో మా ఆయనకు గూడా చెప్పను. కూరలో ఏమేసినానో కూడా ఆయప్పకు చెప్పను."

ఆడవాళ్ళు నవ్వి, పరీక్ష గది ముందు వరుస కట్టారు. నా పట్టాకు ఏం తక్కువైందో అప్పుడు కొంత తెలిసింది.

ఆ వరుసలోని ఒకామెకు హెచ్‌ఐవీ ఉందని తేలింది. ధర్మవరం పక్క పల్లె అనుకోండి. భర్తకు చెప్పుకుంది. అత్తకు తెలిస్తే మాత్రం ఇంట్లో ఉండనివ్వదని భయం. డబ్బా పాలు, తల్లిపాలు, రెండు దారుల సంగతీ చెప్పాం. కట్టెల పొయ్యి మీద రోజుకెన్నిసార్లు నీళ్ళు కాచగలదో తనే ఆలోచించుకుని, తల్లిపాలే ఇస్తానంది. అయితే ఆరు నెలలూ తల్లిపాలు తప్ప మరేదీ బిడ్డ నోట్లో పడకూడదు, పైది కలిస్తే పేగు దెబ్బతిని జబ్బు అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. ఆ రోజుల్లో మాకు నేర్పింది అది.

మా వైపు ఇళ్ళలో నేర్పేది వేరు. పుట్టిన బిడ్డకు ముందు తేనె నాకించాలి. నాకించినవాళ్ళ బుద్ధులే వస్తాయని నమ్మకం కాబట్టి, తమ బుద్ధి మీద నమ్మకమున్న ప్రతివాళ్ళూ పోటీకి వస్తారు. ఆ తర్వాత గాడిద పాలు. ఈ అత్త తేనె సీసాతో కాన్పుకు ముందే వచ్చింది. గేటు దగ్గర గాడిదను కూడా మాట్లాడి పెట్టుకుంది.

అక్క ఆమెను ఒక్కదాన్నే పిలవలేదు. పిలిస్తే అందరూ ఎందుకని అడుగుతారు. వార్డులోని అవ్వలందరినీ కూర్చోబెట్టింది.

"బిడ్డ నోట్లో తల్లిపాలు తప్ప ఏదీ పోకూడదు. ఎవురు ఏం పెట్టబోయినా చెయ్యి పట్టుకోండి. నేనైనా సరే." తర్వాత తేనె సీసా తెచ్చిన మన అత్త, అదే అవ్వ, వైపు తిరిగింది. "ఈ వార్డుకు కాపలా నువ్వే అవ్వా."

అవ్వ తేనె సీసాను సంచి అడుగున దాచేసింది. మర్నాడు మనవడు పుట్టాడు. చూడవచ్చిన సొంత ఆడబిడ్డనే రెండు మంచాల అవతల ఆపేసింది. గాడిద వచ్చిన దారినే వెళ్ళింది. నేను గర్వపడుతుండగా అక్క, తల్లి జబ్బు అంటకుండా బిడ్డకు వేయాల్సిన మందు తెచ్చింది. అవ్వ అక్క చెయ్యి పట్టుకుంది.

"ఏందిది?"

"మందవ్వా. చుక్కలు."

"తల్లిపాలా?"

"కాదు."

"అయితే పోదు. నేనైనా సరే అని నువ్వే అంటివి కదమ్మా."

పుట్టిన మూడు రోజుల్లోపు ఆ మందు పడితీరాలి. సాయం చేద్దామని నేను ముందుకు వచ్చాను. "ఇది అందరికీ వేసేది కాదవ్వా, ఈ బిడ్డకు మాత్రం..." అక్క నా కాలు తొక్కింది. బరువైన మనిషి. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పారు. బాలింత మొహంలో రక్తం లేదు.

"తప్పు నాది," అంది అక్క, వార్డంతా వినేటట్టు. "డాక్టరు మందు తప్ప అనే మాట మర్సిపోయినా. అవ్వ చేసిందే సరి."

వెళ్ళి పోలియో చుక్కల పెట్టె తెచ్చింది. మొదటి మంచం నుంచి మొదలుపెట్టి ప్రతి బిడ్డకూ వేసుకుంటూ వచ్చింది. ఈ బిడ్డకు అవి వేసి, వెంటనే మందూ వేయబోయింది.

"మావానికి రెండు తూర్లెందుకు?"

"ఎవురికి ఏం రాసుంటే అదవ్వా. ఆ మూల బిడ్డకు సూది రాసినారు. కావల్లంటే చెప్పు, నీ మనవనికీ పొడిపిస్తా."

అవ్వ చెయ్యి వదిలేసింది. "వద్దులేమ్మా. చుక్కలు చాలు."

ఏడాదిన్నర తర్వాత ఆ తల్లి బిడ్డను చివరి పరీక్షకు తెచ్చింది. జబ్బు లేదని తేలింది. ఆమెకు చెప్పాను. కాసేపు ఏడ్చింది, తర్వాత నన్ను చూసి నవ్వింది. ఆమెను గదిలో ఉంచి, వరండాలో అక్క ఎదురైతే ఆగలేక "అక్కా, ఆ బిడ్డకు..." అని అందుకున్నాను.

"గొంతు తగ్గించు పాపా," అంది అక్క. "మంచి వార్తయినా అది వాళ్ళది."

అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ తనే గదిలోకి వెళ్ళింది. బయట బెంచీ మీద అవ్వ, బిడ్డకు బిస్కట్టు ఇవ్వబోయిన ఆసుపత్రి ఆయమ్మను "డాక్టరు రాసినాడా?" అని నిలదీస్తోంది.

అక్క ఇప్పుడు లేదు. ఉంటే ఇది చదివి, ఆ తల్లిని పట్టించే గుర్తు ఇంకా ఏదో ఒకటి మిగిలిపోయిందని నా కాలు తొక్కేది. అందుకే ఊళ్ళు మార్చాను, మంచాలు మార్చాను, ఆ తల్లి పేరు నాలోనే ఉంచుకున్నాను. గాడిదను మాత్రం ఉన్నదున్నట్టు రాశాను.