తాళాలాయన, కెమెరా అమ్మాయి

తాళాలాయనకి అనుమానం వృత్తిలో భాగం. తాళంచెవి పోయిందని ఎవరైనా వస్తే, ఆ ఇల్లు వాళ్లదేనని పక్కింటివాళ్లు చెప్పేదాకా ఆకురాయి ముట్టుకోడు. చెప్పాక ఆ పక్కింటివాళ్ల మీద కూడా ఓ కన్నేసి ఉంచుతాడు. టీ బంకు మనిషి చక్కెర తక్కువేశానంటే, ఓ గుక్క తాగి గాని ఒప్పుకోడు. ఇంతటి అనుమానప్పక్షికి దొరికిన భార్య మాత్రం ఏది చెబితే అది నమ్మేస్తుంది. అదృష్టమంటే అలా ఉండాలి.

ఆ మధ్య ఆవిడకి కడుపులో ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున్నే ఆయన ప్రార్థన మందిరానికి వెళ్లి తన కోసం మొక్కి వస్తున్నాడని ఆవిడ ధైర్యం. ఆ ధైర్యంతోనే మంచం దిగింది, నాలుగు ముద్దలు తింటోంది. ఆయన వెళ్లేది మందిరానికి కాదు, దాని ఎదురుగా ఉన్న టీ బంకుకి. ఆపరేషన్ గది బయట మొక్కుదామని కళ్లు మూసుకుంటే, ఆయనకి తన మొక్కు వినేవాడెవరూ ఉన్నట్టు అనిపించలేదు. అప్పటినుంచి మందిరం గుమ్మం తొక్కలేదు. ఈ సంగతి ఆవిడకి తెలిస్తే మళ్లీ మంచం పట్టేస్తుందని ఆయన భయం.

అలాంటి మనిషి కొట్టు ముందుకి ఒకమ్మాయి కెమెరాతో వచ్చింది. దేవుణ్ణి నమ్ముతారా అని దారినపోయేవాళ్లని అడుగుతోంది.

"నిన్నెవరు పంపారు?" అన్నాడు తాళాలాయన.

"ఎవరూ పంపలేదు బాబాయ్. ఎవరు ఏం నమ్ముతారో తెలుసుకుందామని మా చానెల్ వాళ్లమే తిరుగుతున్నాం."

"తెలుసుకుని ఏం చేస్తావ్?"

"ఏం చెయ్యను. వింటాను."

ఊరికే వినేవాళ్లెక్కడైనా ఉంటారా? ఓట్లవాళ్లా, చందాలవాళ్లా, మతంలోకి లాగేవాళ్లా అని ఆరా తీశాడు. అమ్మాయి నవ్వింది తప్ప విసుక్కోలేదు. చివరికి కాలరుకి మైకు పెట్టించుకుని, "నమ్ముతానమ్మా, రోజూ వెళ్తాను" అని కెమెరాకి గట్టిగా చెప్పాడు. అమ్మాయి కెమెరా ఆపి, మంచినీళ్లు తాగుతూ కూర్చుంది. ఆ పిల్ల ఇంకేమీ అడగకపోయేసరికి ఈయనకే నోరు ఊరుకోలేదు. ఆపరేషన్ గది సంగతి నుంచి టీ బంకుదాకా అంతా చెప్పేశాడు. చెప్పడం అయ్యాక చూస్తే, కాలరు మీద మైకు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"అయ్యో, ఆపడం మర్చిపోయాను. అసలు మీరు మాట్లాడిందేదీ వీడియోలో పెట్టను బాబాయ్, మాటిస్తున్నాను," అంది అమ్మాయి.

ఇవ్వడానికేం, మాటలు అందరూ ఇస్తారు. ఆ సాయంత్రమే బాగుచేయిస్తానని చెప్పి భార్య ఫోను పట్టుకుపోయి, కొట్లో పెట్టి తాళం వేశాడు. ఆవిడ చెల్లెలు ఆయన ఫోనుకి చేస్తే, పడుకుందని చెప్పి పెట్టేశాడు. పక్కింటావిడ పలకరించడానికొస్తే, వీడియో గురించి ఎత్తుతుందేమోనని కదలకుండా మధ్యలో కూర్చున్నాడు. తన ఫోను మోగితే వీధిలోకి పరిగెత్తి మాట్లాడేవాడు.

ఒక మధ్యాహ్నం భోజనానికొచ్చేసరికి, ఆవిడ తన బట్టలన్నీ మంచం మీద వాటాలేసి పెడుతోంది. ఇవి చెల్లెలికి, ఇవి వదినకి.

"డాక్టరు ఏమన్నాడో చెప్పండి. ఎవరితోనూ మాట్లాడనివ్వరు, ఫోను దాచేస్తారు. నాకింకెన్నాళ్లు?"

డాక్టరు ఏమీ అనలేదని తాళాలాయన ఒట్టేసినా ఆవిడ వినలేదు. ఇక దారిలేక, తాను మందిరానికి వెళ్లడం లేదని, అది వీడియోకెక్కిందని చెప్పేసి, తన ఫోనులో ఆ చానెల్ వెతికి ఆవిడ చేతిలో పెట్టాడు. వీడియో వచ్చి రెండ్రోజులైంది, భయంతో ఆయన తెరిచి చూడలేదు. పళ్లమ్మే ఆవిడ, బస్సు కండక్టరు, ఇంకెవరెవరో మాట్లాడారు. వీడియో అయిపోయింది.

"ఇందులో మీరు లేరుగా," అంది ఆవిడ.

ఆ అమ్మాయి మాట నిలబెట్టుకుంది. ఆయనే తన నోటితో అడ్డంగా దొరికిపోయాడు.

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. "పోనీలెండి. డాక్టరు ఏమీ అనలేదుగా, అదే చాలు," అని బట్టలు తీసి అలమరలో సర్దేసింది. బతుకుజీవుడా అనుకుంటూ ఆయన మధ్యాహ్నం మాత్ర, మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఎప్పుడూ చూడకుండా నోట్లో వేసుకునే మనిషి, మాత్ర చేతిలోనే ఉంచుకుని, "దీని అట్ట ఏదీ, ఓసారి ఇలా ఇవ్వండి," అంది.

ఇచ్చాడు. ఆవిడ కిటికీ దగ్గరికి జరిగి, పేరు కూడబలుక్కుని చదివి, అప్పుడు వేసుకుంది. గ్లాసు పట్టుకుని నిలబడ్డ తాళాలాయనకి ఏడుపొచ్చింది.